ఆడపడుచు పడవకు కిటికీ

మా ఆయన పడవలకు కాన్వాసు మూతలు కుడతాడు. పనిలో మహా పట్టుదల మనిషి. కుట్టు కాస్త వంకర పోయిందంటే అన్నానికి పిలిచినా రాడు, విప్పి మళ్లీ కుట్టాల్సిందే. ఆ చాదస్తంతో వేగలేక నా తల ప్రాణం తోకకొచ్చేది.

ఆయనకు ఒక్కతే చెల్లెలు. మొగుడు పోయాక ఒక చిన్న పడవ పెట్టుకుని, జనాన్ని నది దాటిస్తూ బతికింది. నాకు ఆడపడుచే గానీ ఆరళ్లు పెట్టే రకం కాదు. నాతో కలిసి వాళ్లన్ననే ఆడిపోసుకునేది. అలాంటి పిల్లకు వెన్నులో ఆ పాడు జబ్బు పుట్టింది. ఇక నయం కాదని డాక్టరు తేల్చేశాడు. చలిగాలి సోకితే చాలు, వణికిపోయేది.

"అన్నయ్యా, నా పడవకి చుట్టూ మూత కుట్టిపెట్టవూ? గాలి రాకూడదు, నీళ్లు కనబడాలి. ఒక్కసారి నదిలోకెళ్లి వాటిని చూసొస్తే చాలు నాకు," అంది.

మర్నాడే ఆయన కాన్వాసు ముక్కలు తెచ్చి ముందు పరిచాడు. నీలం వద్దంది. "ఆసుపత్రి తెరలు చూసీచూసీ విసుగొచ్చింది." ఇటుక రంగు ఏరుకుంది. జిప్పు లోపల్నించి కూడా తెరుచుకోవాలంది. "లేకపోతే వదిన నన్ను అందులో మూటకట్టి పడేస్తుంది," అని నవ్వింది. ఆయన చెల్లెల్ని పడవలో అడ్డబల్ల మీద కూర్చోబెట్టి, తన కంటికి సరిగ్గా ఎదురుగా, మూత నిలబెట్టే గుంజ మీద సుద్దతో గీత గీశాడు. అద్దంలాంటి ప్లాస్టిక్ కిటికీ అక్కడ రావాలి. కూర్చున్న మనిషి కంటిని బట్టే కిటికీ పెట్టడం ఆయన పద్ధతి.

ఇక మొదలైంది కుట్టడం, విప్పడం. మూలలో ముడత పడిందని విప్పాడు. జిప్పు పట్టేస్తోందని విప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"అదేమన్నా ఎగ్జిబిషన్‌లో పెడతారా? అక్కడ పిల్ల ఎదురుచూస్తోందండీ!"

"నా చెల్లెలికి వంకర పని చేసిమ్మంటావా?" అన్నాడు, మిషను మీంచి తలెత్తకుండా.

ఈలోగా తను కూర్చోలేని స్థితికొచ్చింది. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. అయినా కిటికీ మాటే తట్టలేదు, ఏం బుర్రలో మావి!

మూత పూర్తయిన రోజు తుంపర పడుతోంది. తనను దుప్పటిలో మోసుకెళ్లి, అడ్డబల్లల మీద పరుపు వేసి పడుకోబెట్టాం. జిప్పులన్నీ వేశాం. ఆయన తెడ్డు వేసుకుంటూ పడవను నది మధ్యకు తీసుకెళ్లాడు.

"నీళ్లేవి అన్నయ్యా?"

కిటికీ తన తలకు బాగా ఎత్తులో ఉంది. అందులోంచి తెల్లటి ఆకాశం తప్ప ఏమీ కనబడటం లేదు. లేపి కూర్చోబెట్టబోతే కెవ్వుమని అరిచింది. జిప్పు తీస్తే గాలి కొట్టి పళ్లు టకటకలాడాయి. మళ్లీ వేసేశాం. తను చెయ్యి చాపి గుడ్డను నిమిరింది.

"ఎంత బాగా కుట్టావు అన్నయ్యా! చీమ దూరే సందు కూడా లేదు," అంది. తర్వాత ఆ గుడ్డనే చూస్తూ పడుకుంది. ఆయన తెడ్డు ఒళ్లో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నీళ్లు చూడకుండానే పోయింది నా తల్లి, ఆ వారంలోనే.

ఇప్పుడు మూత కుట్టించుకోవడానికి ఎవరొచ్చినా ముందు పడవలో పడుకోమంటాడు. వాళ్లు నవ్వుతారు. కొందరు కసురుకుని ఇంకోచోటికి వెళ్లిపోతారు. "ఒక్కసారి పడుకుని చూడండి బాబూ, నీళ్లు కనబడతాయో లేదో!" అంటూ వీధి చివరి దాకా వాళ్ల వెంటపడతాడు.