డీలీ ఎడమచేయి

అందరూ డీలీ అని పిలిచే ఆర్డీలియాకి పియానో మీద ఎడమచేయి ముందొచ్చింది. కుడిచేయి చాలాకాలానికి గానీ రాలేదు. ఆ పుణ్యం మేనమామ హోసియాది.

టెక్సస్ తూర్పున అడవిలో రంపపుమిల్లు పక్క ఊరు వాళ్లది. కూలీలు చేరే సారాకొట్టులో హోసియా పియానో మీద బూగీ-వూగీ అనే చిందుపాటలు వాయించేవాడు. కొట్టు తెరవకముందు మేనకోడల్ని పియానో ముందు కూర్చోబెట్టి, దాని కుడివైపు మీటల మీద తన టోపీ పెట్టేవాడు. అటు ముట్టుకోకూడదు. ఎడమచేత్తో మంద్రంలో రైలు నడకలాంటి వరసను ఆపకుండా తిప్పుతూ, ఆయన అడిగినవాటికి జవాబు చెప్పాలి.

"పొద్దున ఏం తిన్నావే?"

"మొక్కజొన్న రొట్టె, మామా."

"దేంతో?"

"బెల్లప్పాకంతో..." చెయ్యి తడబడేది.

"పాకంలో కాలు జారావు పో! మళ్లీ మొదలెట్టు."

నోరు కబుర్లు చెబుతున్నా చెయ్యి తన దారిన తాను పోవాలి. అప్పుడే టోపీ లేస్తుంది. అది లేచేసరికి డీలీ మేనమామ భుజం దాకా ఎదిగింది.

పెళ్లీడు దాటాక షికాగో వచ్చి, దక్షిణపు పేటలో ఒక లాండ్రీలో ఇస్త్రీకి కుదిరింది. ఏదో చర్చివాళ్లు పారేయబోయిన పియానోను స్నేహితులు ఈసురోమంటూ మేడమీదికి మోసిపెట్టారు. పగలంతా ఎవరెవరి చొక్కాలో సాపు చేసి వచ్చి, వంటకి ముందు ఒక గంట వాయించుకునేది. ఆ గంట కోసమే ఆమె రోజంతా బతికేది. అందులో దాపరికం ఏమీ లేదు, అడిగినవాళ్లందరికీ అదే చెప్పేది.

కింది వాటాలో మిస్టర్ టార్వర్ అని ఒంటరి పెద్దాయన ఉండేవాడు. రైళ్ల పడకపెట్టెల్లో నౌకరుగా పనిచేసి రిటైరైన మనిషి. మెట్ల మీద ఎదురైతే టోపీ ఎత్తి పలకరించడం తప్ప మాట కలిపేవాడు కాదు. ఈమె వాయించడం మొదలెట్టగానే మాత్రం చీపురుకర్రతో తన ఇంటి కప్పును పొడిచేవాడు.

ఒకరోజు ఇంటి యజమానురాలు మిసెస్ బ్యాస్కమ్ ఆయాసపడుతూ ఎక్కి వచ్చింది.

"చూడు డీలీ, కింద పెద్దాయన మొత్తుకుంటున్నాడు. 'ఆ పిల్ల మొదలెట్టింది పూర్తి చెయ్యదు, నా ప్రాణం తోడేస్తోంది' అన్నాడు. ఇంకేం అనాలి? శనివారం మా తమ్ముడు మనుషుల్ని తెస్తాడు. పియానో దిగిపోవాల్సిందే."

డీలీ బతిమాలినా ఆవిడ వినలేదు. ఆ వారమంతా డీలీ పియానో మూత తియ్యలేదు. ఏడుపొచ్చినప్పుడల్లా గిన్నెలు తోమింది. తోమిన గిన్నెల్నే మళ్లీ తోమింది.

శనివారం మధ్యాహ్నం తాళ్లతో నలుగురు దిగారు. "ఒక్కసారి వాయించుకుంటాను" అంది డీలీ. మిసెస్ బ్యాస్కమ్ కాదనలేకపోయింది. వాయించడం మొదలుపెట్టిందో లేదో, కింద చీపురుకర్ర లేచింది.

"విన్నావా? పాపం, ముసలాయన!"

"వింటున్నానమ్మా. కోపమొచ్చినవాడు తాళం తప్పాలి కదా, ఈయన తప్పడేం?"

ఇంతలో చప్పుడు ఆగింది. మెట్ల మీద అడుగులు వినిపించాయి. చేతిలో చీపురుతోనే గుమ్మంలోకి వచ్చాడు టార్వర్.

"వారం రోజులు ఎక్కడ చచ్చావమ్మా?" అన్నవాడు ఉన్నట్టుండి ఆగిపోయాడు. "అదేంటది? ఆ పైన గలగలమంటోంది?"

"నా కుడిచెయ్యండీ."

"ఇన్నేళ్లూ ఎక్కడ దాచావు దాన్ని?"

అప్పటికి గానీ సంగతి తెలియలేదు. ఆ చెక్క నేలలోంచి మంద్రం ఒక్కటే కిందికి దిగేది. పైస్థాయి మేడమీదే ఉండిపోయేది. పెద్దాయన వింటూ వచ్చింది ఎడమచేతినే. పాపం ఈ పిల్లకి సగమే వచ్చు కాబోలు, పాట ఎప్పుడు అందుకుంటుందా అని కాచుక్కూర్చున్నాడు!

"మరి ఫిర్యాదు చేశారుగా!" అంది మిసెస్ బ్యాస్కమ్.

"పూర్తి చెయ్యమన్నాను గానీ పీకెయ్యమన్నానా తల్లీ?"

తాళ్లవాళ్లు పగలబడి నవ్వారు.

"మరి ఆ చీపురు సంగతేంటండీ?" అని అడిగింది డీలీ.

పెద్దాయన కాస్త సిగ్గుపడ్డాడు. "చోటు ఖాళీగా ఉందని, దాంతో తాళం వేస్తూ నా పాటే పెట్టుకుంటున్నాను. ప్రయాణికుల బూట్లు తుడుస్తూ వేసుకున్న ఈల అది. రైల్లో ఎవరూ వినలేదులే."

డీలీ కుడిచెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. "ఈ ఎడమచెయ్యి మీకోసమే. కానివ్వండి."

ఆయన ఈల అందుకున్నాడు. నిజం చెప్పాలంటే డీలీ కుడిచేతి పాటకన్నా అదే బాగుంది. తాళ్లు నేలమీద పడేసి నలుగురూ చిందులేశారు. మిసెస్ బ్యాస్కమ్ మర్యాద కోసం కాసేపు ఆగి, తరవాత తనూ కలిసింది. పియానో ఉన్నచోటే ఉండిపోయింది.

టార్వర్ పోయాక ఆ ఇల్లూ పడగొట్టారు. డీలీ వేరే పేటకి మారి, పెద్ద వయసులో ఇరుగుపొరుగు విందుల్లో వాయించేది. ఆట మంచి ఊపులో ఉండగా కుడిచెయ్యి ఒళ్లోకి దిగేది. ఎడమచెయ్యి ఒక్కటే నడిచేది.

"మరిచిపోయావా పిన్నీ?" అని కుర్రకారు ఆటపట్టించేవారు.

"లేదురా, ఇది మిస్టర్ టార్వర్ వంతు" అనేది. ఆ మాట దగ్గర గొంతు కాస్త తడబడేది. చెయ్యి మాత్రం ఎప్పుడూ తడబడలేదు.