హత్య సినిమా మమ్మల్ని కలిపింది

గద్వాలలో ఒకే ఇంట్లో ఉంటూ మా పెద్ద తోటికోడలు, నేను నెలరోజులుగా మాట్లాడుకోవడం లేదు. పిల్లల బడి మార్చే విషయంలో వచ్చిన గొడవ అది.

ఈ మధ్యాహ్నం టీవీలో పాత హాలీవుడ్ సినిమా పెట్టుకున్నాను. బ్లాక్ అండ్ వైట్‌లో నవ్విస్తూ హత్య గుట్టు విప్పే కథ. మాటలు ఇంగ్లీషైనా మొహాలు చూస్తే అర్థమైపోతుంది. చీర నేస్తున్న తోటికోడలక్క మగ్గం దిగి, నీళ్లు తాగే నెపంతో గుమ్మంలో నిలబడి చూడసాగింది. డిటెక్టివ్ సోఫా మీంచి జారిపడితే ఇద్దరం ఒకేసారి నవ్వి, వెంటనే మొహాలు తిప్పుకున్నాం.

చివర్లో అతను హంతకుడి పేరు చెప్పబోతుండగా కరెంటు పోయింది.

"ఎవరు సంపిండ్రే?" అక్క ఉండబట్టలేక అడిగేసింది.

"డాక్టరే అక్కా, పక్కా!"

"నీకేం తెల్వదు. నవ్వుకుంట తిరిగే ఆ సచ్చినోని పెండ్లామే సంపింది."

కరెంటు వచ్చేదాకా గట్టిగా వాదించుకున్నాం. తీరా సినిమా మళ్లీ పెట్టి చూస్తే హంతకుడు లాయరు!

"రేపు ఇంకోటి పెట్టు, నీ సంగతి జూస్త" అంటూ అక్క నా పక్కన కూర్చుంది.

మా ఇంట్లో శాంతి నిలబడాలంటే ఇంకో నాలుగు హత్యలు కావాలి. మంచి సినిమాలుంటే చెప్పండి.