ఎడమ కనుబొమ్మ మీద గాటు

పోయిన నెల మా అక్క బిడ్డ నల్లగొండలో నేర న్యాయ శాస్త్రం చదవడానికి చేరి, చిన్నమ్మ పోలీసే గదా, చిన్నమ్మ చదివిందీ అదే గదా అని నా పాత నోటుపుస్తకాల కోసం వచ్చింది. అటక మీది అట్టపెట్టె దింపి, దుమ్ము దులిపి, మురిపెంగా దాని చేతిలో పెడితే, నాలుగు పేజీలు తిప్పి, "చిన్నమ్మా, ఇండ్ల ఉన్న సెక్షన్లు ఒక్కటి గూడ ఇప్పుడు నడుస్తలేవు" అని మెల్లగా మూసి పక్కన పెట్టింది. నిజమే, చట్టాలే మారిపోయాయి. దొంగతనమంటే మూడు వందల డెబ్బై తొమ్మిది అని నిద్రలో లేపినా చెప్పేలా మేము బట్టీ పట్టిన అంకెలన్నీ వేరే అంకెలైనాయి. మెడలో గొలుసు గుంజుకుపోతే ఇప్పుడు దానికంటూ విడిగా ఒక సెక్షన్ ఉందని ఆ పిల్ల ఉత్సాహంగా నాకే వివరించబోయింది. దాని నోట ఆ మాట వినగానే మా మేనత్త మెడలోని గుండ్ల పేరు గుర్తొచ్చి, ఇక తక్కిన మాటలేవీ నా చెవికెక్కలేదు.

నలభై కూడా నిండని నేను పాత రోజులంటూ మొదలుపెడితే మా ఆయన నవ్వుతాడు. కానీ రాష్ట్రం వచ్చిన కొత్తలో డిగ్రీ పట్టా చేత పట్టుకుని నోటిఫికేషన్ల కోసం ఎదురు చూసిన నా ఈడు వాళ్లకు అవి ఎంత పాత రోజులో చెప్పనక్కర లేదు. లైబ్రరీ తెరవక ముందే మెట్ల మీద టిఫిన్ డబ్బాలు పెట్టి వరుస ఆపుకోవడం, ఒక్క గైడును మధ్యకు చింపి ఇద్దరం పంచుకోవడం, తెల్లవారుజామున గ్రౌండులో పరుగు పెట్టి వచ్చి మళ్లీ పుస్తకం ముందు తూగడం. అప్పుడే ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు డిగ్రీ అయిన వాళ్లకు ఏడాది కోర్సు ఒకటి పెట్టారు. కాగితం మీద దాని పేరు చాలా పొడుగు, తెలిసిన వాళ్లంతా పోలీసు కోర్సనే అనేవాళ్లు. అది చదివితే ఉద్యోగానికి మార్కులు కలుస్తాయని ఎవరో అంటే చేరాను. కలవవని చేరిన తరువాత తెలిసింది.

మాది దేవరకొండ దిక్కు పల్లె, గొర్రెలు కాసే ఇల్లు. మా బాపు తన మందలో ప్రతి గొర్రెనూ ముఖం చూసి గుర్తుపట్టేవాడు. తప్పిపోయిన గొర్రె ఏడాది తరువాత వేరే వాళ్ల మందలో కనబడినా, ఇది నాదే అని చెవి పట్టి తీసుకొచ్చేవాడు, ఎవరూ ఎదురు చెప్పేవాళ్లు కాదు. ఆ చూపు నాకు కూడా వచ్చిందని ఇంట్లో అందరూ అంటుంటే నేనూ నమ్మాను, పోలీసు కావాలన్న కోరిక బహుశా అక్కడే పుట్టింది.

నల్లగొండలో నేనుండేది మేనత్త దగ్గర. మామ చిన్న వయసులోనే పోతే, ఆమె ఆడపిల్లల హాస్టల్లో వంట చేసుకుంటూ, పానగల్ రోడ్డులో ఒక గది కిరాయికి తీసుకుని ఒంటరిగా బతుకుతుండేది. పిల్లలు లేరు. నా చదువుకు అన్నం పెట్టింది ఆమే, పొద్దున పరుగుకు లేపింది ఆమే. ఆమె మెడలో ఒక గుండ్ల పేరు ఉండేది, పుట్టింటి వాళ్లు పెట్టిన బంగారు గుండ్ల దండ. పొయ్యి దగ్గర ఉన్నా, బట్టలు ఉతుకుతున్నా, మాట్లాడుతూనే ఒక్కొక్క గుండునూ వేళ్లతో తడుముకోవడం ఆమెకు అలవాటు.

ఒక ఆదివారం కూరగాయలు తీసుకుని ఇద్దరం నడిచి వస్తుంటే వెనక నుంచి బండి మీద ఇద్దరు వచ్చారు, వెనక కూర్చున్నవాడు ఆ పేరు గుంజాడు. అత్త బోర్లా పడింది. నేను సంచి పారేసి బండి వెంట ఉరికాను, మలుపు దగ్గర వాడు తల తిప్పి ఒక్కసారి నన్ను చూశాడు. అంతే. స్టేషన్లో ఎస్సై అడిగితే సన్నటి మనిషి అని, ఎర్ర గళ్ల చొక్కా అని, ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉందని, నా ఎడమ కనుబొమ్మ మీద వేలు పెట్టి మరీ చెప్పాను. మోచేతులు కొట్టుకుపోయి బెంచీ మీద కూర్చున్న అత్త నా వైపు చూసిన చూపులో నొప్పి కంటె గర్వమే ఎక్కువ కనబడింది. "చదువుకున్న పిల్ల చెప్తే గిట్లుంటది" అన్నాడు ఎస్సై.

నాలుగు రోజులకు పిలిపించారు. బెంచీ మీద ఒకడు కూర్చుని ఉన్నాడు, సన్నటి మనిషి, ముఖం మీద గాటు. నాకు ఎదురుగా ఉన్నాడు, ఆ గాటు నా ఎడమ చేతి వైపే ఉంది. ఇంకేం ఆలోచించలేదు, ఇతనే అన్నాను. అతను లేవబోతూ, "అక్కా, నేను గాదక్కా. ఆ పొద్దు నేను కంపెనీల డ్యూటీల ఉన్న" అన్నాడు. చౌటుప్పల్ దగ్గర మందుల కంపెనీలో కూలి పని చేస్తాడట. ఆ రోజు హాజరు లేదని కంపెనీ వాళ్లు చెప్పారని ఎస్సై అన్నాడు, రిజిస్టరులో ఎక్కనియ్యకుండా పని చేయించుకుంటారని అతనన్నాడు. అతన్ని జైలుకు పంపారు. ఆ సాయంత్రం అత్త ఇరుగుపొరుగును పిలిచి చాయ పోసి, మా బిడ్డ ఎట్ల పట్టించిందో చెప్పింది.

మాకు సాక్ష్యం గురించి చెప్పే సారు సర్కారు వకీలుగా చేసి రిటైరైన మనిషి, మెల్లగా మాట్లాడేవాడు, వెనక బెంచీలకు సగం వినబడేది కాదు. మరుసటి వారం పాఠం నడుస్తుండగా అటెండరు లోపలికి వచ్చి, మా వైపు తిరిగి నిలబడి, టేబుల్ మీది గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. సారు పాఠం ఆపి, ఏ చేత్తో తీసుకున్నాడో రాయమన్నాడు. నేను అందరికంటె ముందు ఎడమ అని రాసి కాగితం ఇచ్చాను. క్లాసులో సగం మంది అదే రాశారు. అటెండరును మళ్లీ పిలిచి చేసి చూపించమంటే కుడి చేత్తో తీశాడు. మనకు ఎదురుగా ఉన్న మనిషి కుడి చెయ్యి మనకు ఎడమ పక్కన ఉంటుంది, ఇంత చిన్న సంగతి. అందరూ నవ్వారు. నేను మాత్రం నా ఎడమ కనుబొమ్మ మీద వేలు పెట్టి చూసుకున్నాను. బెంచీ మీద కూర్చున్నవాని గాటు నాకు ఎడమ పక్కన ఉందంటే, అది అతని కుడి కనుబొమ్మ. మరి బండి మీద తిరిగి చూసినవానిది? నేను చెప్పిన ఎడమ నాకు ఎడమా, వానికి ఎడమా? ఎంత తలుచుకున్నా, ఆ మలుపు దగ్గరి ముఖం స్థానంలో బెంచీ మీది ముఖమే వచ్చి కూర్చుంటున్నది.

క్లాసయ్యాక సారుకు అంతా చెప్పి, ఏం చెయ్యమంటరు అని అడిగాను. ఆయన గొడుగు చేతిలోకి తీసుకుని, "నేను చెప్తె అది నా సాక్ష్యమైతది బిడ్డా, నీది గాదు" అని వెళ్లిపోయాడు. ఆ రోజు ఆయన మీద కోపం వచ్చింది.

తరువాత జైల్లో మేజిస్ట్రేటు ముందు గుర్తింపు పరేడు పెట్టారు. ఒకే ఈడు మనుషులను, ముఖం మీద ఏదో ఒక మచ్చ ఉన్నవాళ్లను వరుసగా నిలబెట్టి, తొందర లేదు, చూసి చెప్పమన్నారు. మూడోవాడు అతనే. నేల చూపు చూస్తున్నాడు. అతను నాకు తెలుసు, కానీ స్టేషన్ బెంచీ మీద చూసినందుకు తెలుసా, బండి మీద చూసినందుకు తెలుసా అన్నది నాలో నాకే విడదీయరాలేదు. వరుస ఈ కొస నుంచి ఆ కొసకు రెండుసార్లు నడిచాను. గుర్తుపట్టలేనని చెప్పాను.

బయట ఎస్సై నా ముఖం వైపు చూడకుండానే, "పోలీసయితనంటివి గదమ్మా" అన్నాడు. బస్సులో అత్తా నేనూ పక్క పక్కనే కూర్చుని కిటికీలోంచి చూస్తూ వచ్చాం. అతనికి బెయిలు వచ్చింది, కేసు అట్లాగే మూతపడింది, గుండ్ల పేరు దొరకలేదు. పది రోజులు అత్త పళ్లెంలో అన్నం పెట్టి పక్కకు జరిగింది, పదకొండో రోజు మాత్రం అడిగింది.

"నువ్వే చూసిన అంటివి. నువ్వే చూడలే అంటివి. నేను దేన్ని నమ్మాలె బిడ్డా?"

"నాకు తెలుస్తలేదు అత్తా."

"తెలువకపోతె మొదాలే తెలువదనకపోతివి." ఆమె ఏడవలేదు, అరవలేదు. చెయ్యి అలవాటుగా మెడ దగ్గరికి పోయి, అక్కడేమీ లేక, కొంగు సర్దుకుంది.

ఎట్లాగో మరుసటి నోటిఫికేషన్లో నాకు ఉద్యోగం వచ్చింది. కొన్నేళ్లకు చౌటుప్పల్లో హైవే పక్కన బందోబస్తు డ్యూటీలో ఉంటే, ఆటో ఆపి ఒకతను నీళ్ల సీసా తెచ్చి ఇచ్చాడు. "మేడం, గుర్తుపట్టిండ్రా?" అన్నాడు. గుర్తుపట్టాను. అప్పుడే కంపెనీ పని పోయిందట, ఇద్దరు పిల్లలట. వెళ్తూ వెళ్తూ, "ఆ రోజు మీరు మంచి పని చేసిండ్రు మేడం" అని చిన్నగా నవ్వాడు. చెయ్యని తప్పుకు శిక్ష తప్పినవాని నవ్వా, చేసి బయటపడ్డవాని నవ్వా అని ఆటో కనుమరుగయ్యే దాకా నిలబడి చూశాను. గాటు కుడి కనుబొమ్మ మీదే ఉంది. దానితో నాకు తెలిసిందేమీ లేదు.

అత్త ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది, ఆ సంగతి మేమిద్దరం మళ్లీ ఎత్తలేదు. మలుపు మలుపుకూ కెమెరాలు వచ్చాయి, ఎవరు ఏ చేత్తో గుంజారో వెనక్కి తిప్పి తిప్పి చూడవచ్చు, మంచిదే. నేను స్టేషన్లో రిసెప్షన్ దగ్గర కూర్చుంటాను. ఇప్పటికీ ఎవరో ఒకరు రొప్పుకుంటూ వచ్చి, నా కండ్లతో చూసిన మేడం అంటారు. కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, మళ్లీ మొదటి నుంచి చెప్పమంటాను. కొందరికి కోపం వస్తుంది. వాళ్లను చూస్తుంటే ఒక్కోసారి, ఎవరికీ చెప్పుకోలేని ఈర్ష్య కలుగుతుంది. అంత నమ్మకంగా ఒక ముఖాన్ని చూపి ఇతనే అని చెప్పగలగడం నా బతుకులో ఆ గొడుగు పాఠం దాకా, పట్టుమని పది రోజులే జరిగింది. ఆ పది రోజులూ నేనెంత నిమ్మళంగా నిద్రపోయానో తలుచుకుంటే సిగ్గేస్తుంది, అంత నిద్ర మళ్లీ పట్టలేదని దిగులూ వేస్తుంది.