ముగ్గు గీత దగ్గర ఆగాల్సిన కారు

సింగపూర్‌లోని బిషాన్‌లో పెద్ద గ్యారేజీ ఉన్న ఇంట్లోకి మారిన కొత్త. సగంలో కారు, సగంలో నా వడ్రంగం బల్ల పెట్టుకోవాలని ఎన్నాళ్ల కోరికో! కాగితం మీద ప్లాను అర్థం కావడం లేదని మా ఆవిడ సుజాత నేల మీదే ముగ్గుపిండితో అసలు కొలతల్లో గీసింది. వెనక చక్రాలు ఆగాల్సిన చోట ఒక గీత, వెనక గోడవారన బల్లకి ఇంకో గీత.

సరిచూద్దామని, "బల్ల దగ్గర పనిచేస్తున్నట్టు నిలబడు" అని ఆమెకి చెప్పి కారు వెనక్కి తీశాను. కిటికీలోంచి తల బయటపెట్టి చక్రాన్నే చూస్తున్నాను. కారు బీప్ బీప్‌మంటుంటే గోడ దగ్గరపడిందిలే అనుకున్నాను. "రండి, రండి" అంటున్న సుజాత ఉన్నట్టుండి మాట ఆపేసింది. గీతకి ఇంకా జానెడుంది కదా అని నేను ఆగలేదు.

"డాడీ, స్టాప్ లా! అమ్మ!" మెట్ల మీంచి ఇక్కడి యాసలో మా పాప కేక.

బ్రేకు తొక్కి, దిగి పరుగెత్తాను. రెండు పక్కలా విప్పని అట్టపెట్టెలు, వెనక గోడ. డిక్కీ తన చుడీదారును తాకుతుంటే గోడకి అంటుకుపోయి నిలబడి ఉంది సుజాత. చక్రం వెనక ఇంకా మూడడుగుల కారుంటుందని నాకు తట్టనే లేదు.

"మీ ప్లానులో నాకు చోటెక్కడండీ?" అంది.

బల్ల పక్కగోడకి మారింది. ముగ్గు ఎప్పుడో చెరిగిపోయింది. కారు వెనక్కి తీసిన ప్రతిసారీ ఆ ప్రశ్న మాత్రం వినిపిస్తూనే ఉంటుంది.