అమ్మ పద్ధతి, అన్నయ్య పద్ధతి

మా వదిన పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతుంది. ఇంటికొచ్చాక వంటింటి బల్ల మీద కంప్యూటర్ తెరిచి చుక్కల్ని పరిగెత్తిస్తుంది. ఒక్కో చుక్కా ఒక్కో మనిషి అనుకోవాలట. ప్రతి మనిషి దగ్గరా ఒక చిన్న పెట్టె. టవర్లూ తీగలూ ఏమీ ఉండవు. మనుషులు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు, కబురు మాత్రం ఒక పెట్టె నుంచి పక్క పెట్టెకి దూకుతూ చేరాల్సిన చోటికి చేరాలి. ఆ దారి వెతికే పద్ధతులు రెండు తీసుకుని, ఏది మెరుగో తేల్చడమే వదిన డాక్టరేట్. మా ఇంటికి కోడలిగా వచ్చేనాటికే మొదలుపెట్టింది. పిల్లలు బడికి వెళ్తున్నా అది తేలలేదు.

నాకు అర్థం కావడం లేదని గోల పెడితే ఇంట్లోవాళ్ళతోనే పోల్చి చెప్పింది. మొదటి పద్ధతిలో ఎవరెక్కడున్నారో ప్రతి పెట్టెకీ ఎప్పుడూ తెలిసుండాలి. అందుకని అవసరమున్నా లేకపోయినా అందరినీ ఆరా తీస్తూనే ఉంటుంది. అచ్చం మా అమ్మ! బజారుకెళ్తే చాలు, "ఎక్కడున్నావ్, బయల్దేరావా, మలుపు తిరిగావా" అంటూ ఫోన్లే ఫోన్లు. రెండోది మా అన్నయ్య. తన దర్జీ దుకాణంలో కత్తెర ఎక్కడుందో వాడికి పట్టదు. కావాల్సినప్పుడు మాత్రం వీధంతా దద్దరిల్లేలా ఒక్క కేక పెడతాడు. ఆ రోజు నుంచీ మా ఇంట్లో వాటికి అవే పేర్లు.

వదినకి గైడుగా ఉండి అంతా చూసిన ప్రొఫెసరు చివర్లో మెలిక పెట్టాడు. ఆయనకి 'గారు' తగిలించబుద్ధి కావడం లేదు. "చుక్కలు మీరు చెప్పినట్టే తిరుగుతాయమ్మా. మనుషులతో చూపించండి, సంతకం పెడతాను" అన్నాడు. గడువు దగ్గర పడింది. ఇది కాకపోతే మళ్ళీ మొదటికే. తాడో పేడో తేలిపోవాలి.

కాలేజీకి సెలవులు, విద్యార్థులు లేరు. అందుకని చుట్టాలందరినీ పోగుచేసి తలో పెట్టె నడుముకి కట్టాం. అన్నయ్య కాలేజీ గేటు దగ్గరే నిలబడి కబురు పంపాలి. అది వెనక భవనం మేడమీది ల్యాబ్‌కి చేరాలి. ఆ ల్యాబ్‌లో వదిన, ప్రొఫెసరు, నేను. మిగతావాళ్ళకి వదిన చెప్పింది ఒక్కటే: "మీ ఇష్టం వచ్చినట్టు తిరగండి." మధ్యలో ఫోన్లు చేయకూడదని ప్రొఫెసరు షరతు.

తెర మీద రెండు గీతలు, పద్ధతికొకటి. రెండూ బెల్లం కొట్టిన రాళ్ళలా కదలవు. కబురు రాదు. నేను కిటికీలోంచి తొంగిచూశాను. చుక్కలైతే చెట్టుకొకటీ పుట్టకొకటీ పోతాయి, మా వాళ్ళు పోతారా? అందరూ గేటు పక్క క్యాంటీన్లో గుండ్రంగా కూర్చుని కబుర్లలో పడ్డారు. అక్కణ్ణుంచి ల్యాబ్ దాకా మధ్యలో కబురందుకునే పెట్టె ఒక్కటీ లేదు. బాబాయి ఏదో చెబుతున్నాడు, పిన్ని పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఇష్టం వచ్చినట్టు తిరగమంటే మనవాళ్ళ ఇష్టం కూర్చోవడమేనని వదినకి తట్టలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. వదిన మొహం పాలిపోయింది. ప్రొఫెసరు సంచీ సర్దుకోవడం మొదలుపెట్టాడు.

అప్పుడే క్యాంటీన్లోంచి అమ్మ ఒక్కతే లేచింది. చేతిలో అరటిపళ్ళు, నడుముకి పెట్టె. ఎండలో ఆవరణ దాటి వరండాలోకి వచ్చింది. మెట్ల దగ్గరికి చేరిందో లేదో, తెర మీద ఒక గీత చివ్వున లేచింది. అన్నయ్య పద్ధతి! కేక వేసిన వెంటనే దారి దొరికింది. అందరి ఆచూకీ సవరించుకుని అమ్మ పద్ధతి కాస్త ఆగి వచ్చింది. నేను గెంతాను. వదిన నా మెడ పట్టుకుని ఊపేసింది.

అమ్మ ఆయాసపడుతూ లోపలికొచ్చింది.

"మిమ్మల్ని ఇటు రమ్మని ఎవరైనా చెప్పారా అమ్మా?" అనుమానంగా అడిగాడు ప్రొఫెసరు.

"చెప్పేదేముందండీ! మా కోడలు పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. అందరూ కళ్ళముందే ఉన్నారు, ఇది తప్ప. వెతుక్కుంటూ వచ్చాను."

గెలిచింది అన్నయ్య పద్ధతని తెలిసి అమ్మ మూతి తిప్పింది. "ఎప్పుడూ ఉన్నదేగా! నడిచేది నేను, పేరు వాడిది."

ప్రొఫెసరుగారు పగలబడి నవ్వారు. అవును, గారే. ఒక పండు వలుచుకుంటూ, "మనుషులు ఇలా తిరుగుతారని కూడా రాయండి" అని సంతకం పెట్టారు.

ఆ వారమే వదిన చుక్కల నడక మార్చింది. ఇప్పుడవి గుంపుగా చేరతాయి. ఒక చుక్క మాత్రం గుంపు వదిలి, కనపడనివాళ్ళ కోసం బయల్దేరుతుంది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని తెర ముందు కూర్చుంది.

"ఇది నేనా?"

"అవునత్తయ్యా."

"మరి నువ్వేదీ?"

"నేను లేను. నేను బయటినుంచి చూసేదాన్ని కదా."

"బయటేంటి? నిన్నూ పెట్టు" అంది అమ్మ. "నువ్వు లేకపోతే నేను లేచి ఎవరి కోసం వెళ్ళినట్టు?"

వదిన కళ్ళు తుడుచుకుని ఒక చుక్క కలిపింది. అమ్మ చుక్క కదిలింది.