ఎర్త్ గుంతకు నీళ్లు

ఇల్లందులో మా అన్నకు చిన్న లేత్ షెడ్డు ఉండేది. ఇనుప కడ్డీలను గిర్రున తిప్పుతూ చెక్కే ఆ మిషన్ చాలా పాతది. దాని మీద చెయ్యి వేస్తే జివ్వుమనేది. మోటారులో కరెంటు లీకై ఇనుముకు ఎక్కుతోందని అందరికీ తెలుసు. బాగు చేయించాలని మాత్రం ఎవరికీ తోచలేదు. మా వీధిలో ఏ షెడ్డుకు వెళ్లినా మిషన్ ముందు ఒక టేకు చెక్క, దాని మీద నిలబడి పని. ఎవరైనా కొత్తగా లోపలికొస్తే "చెక్కెక్కు" అనేవాడు అన్న, కూర్చో అన్నంత మామూలుగా. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, సేఫ్టీ సర్టిఫికెట్ ఉన్న షెడ్లకే గని పనులు ఇస్తామన్నారు. ఆ పని దొరికితే నిలదొక్కుకుంటానని అన్న పట్టుబట్టాడు. మోటారుకు కొత్త వైండింగ్ చేయించాడు. షెడ్డు వెనక నిలువెత్తు గుంత తీసి, అడుగున రాగి పలక పెట్టి, ఉప్పూ కట్టెబొగ్గూ పొరలుగా పోసి, అక్కణ్ణుంచి మిషన్‌కు తీగ లాగాడు. కరెంటు లీకైనా ఆ తీగ వెంట భూమిలోకి పోతుంది, మనిషి జోలికి రాదు. ఖమ్మం నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ మీటరు పెట్టి చూసి బాగుందన్నాడు. గుంత ఎండితే లాభం లేదు, ఎండాకాలం రోజూ నీళ్లు పోయాలని చెప్పి వెళ్లాడు.

సర్టిఫికెట్‌కు అద్దం కట్టించి ఏసుప్రభువు పటం పక్కన తగిలించాడు అన్న. చెక్కను అమ్మ కొట్టించి పొయ్యిలో పెట్టింది. మా అన్న అంత సంతోషంగా ఉండటం నేను అంతకుముందు చూడలేదు.

ఆ వేసవిలో నల్లాలు బందైనయ్. ట్యాంకరు వస్తే బిందెలతో కొట్టుకునేవాళ్లం. మొదట్లో అన్న ఆ గుంత దగ్గరే స్నానం చేసేవాడు, నీళ్లు దానికే పోతాయని. తర్వాత స్నానానికే కరువైంది. గుంత సంగతి మేం మరిచిపోలేదు. తాగడానికి పోను మిగిలితే పోద్దామనుకున్నాం. మిగలలేదు.

ఒక మధ్యాహ్నం మోటారు మళ్లీ లీకైంది. ఎండిన గుంతలోకి ఆ కరెంటు దిగలేదు. అన్న చెమట కాళ్లతో ఉత్త నేల మీద నిలబడి ఉన్నాడు. దవాఖానాకు తీసుకుపోయేలోపే పోయాడు.

మర్నాడు పొద్దున అదే ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. గుంతలోంచి పొడిమట్టి తీసి చూపిస్తూ, "నీళ్లు పొయ్యమని చెప్పిన గదమ్మా" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. అయినా ఆ క్షణాన ఆయన గొంతు పట్టుకోవాలనిపించింది నాకు.

"తాగనీకే లేవు సారూ," అంది అమ్మ. "ముంతెడు మిగిలినా గుంతకే పోస్తుంటిమి."

పోస్టుమార్టం అయ్యాక, మధ్యాహ్నానికి అన్నను దవాఖానా నుంచి తెచ్చారు. పెట్టెలో పెట్టేముందు స్నానం చేయించాలి. ఎవరూ అడగలేదు, వీధిలో ఆడవాళ్లంతా ఇంటికొక బిందె తెచ్చి మా వాకిట్లో దించారు. ట్యాంకరు దగ్గర నా జుట్టు పట్టుకున్నవాళ్లే. అన్నను తలమీంచి కాళ్లదాకా శుభ్రంగా కడిగాం. ఇంకా నిండు బిందెలు మిగిలాయి.