ఎడమ అంచు పైకి

నా భార్య చనిపోయి పన్నెండు రోజులైంది. ఆ రోజు పొద్దున దవాఖానాలో చాయ్ అడిగింది. రెండు గుక్కలు తాగి గ్లాసు నాకిచ్చింది. పక్క మంచం మీదున్న ఆమెతో మరాఠీలో రెండు మాటలు మాట్లాడింది. తర్వాత నన్నడిగింది: "ఎడమ దిక్కు నడక అయ్యిందా?"

అయ్యిందన్నాను. కళ్లు మూసుకుంది. పదకొండు గంటలకు నర్సు నన్ను బయట కూర్చోమన్నది. మళ్లీ పిలిచేటప్పటికి అయిపోయింది. గ్లాసు కడిగి సంచిలో పెట్టుకున్నాను.

ఆ ప్రశ్న ఏమిటో చెప్పాలి. నాందేడ్‌లో మనవాళ్లకు ఆమె రవికలు కుట్టే మనిషిగానే తెలుసు. చివరి రెండేళ్లు ఇంకో పిల్లకు కూడా బట్టలు తయారుచేసింది, కాగితం మీద. ఆమె తమ్ముడు బొంబాయిలో కార్టూన్ సినిమాలు తీసేచోట బొమ్మలు దిద్దుతాడు. అక్కడ వెయ్యేళ్ల కిందటి చీనా నేతపిల్ల కథ తీస్తున్నారు. ఆ పిల్ల ఏం కట్టుకునేదో అక్కడ ఎవరికీ తెలియదు. అక్కకు బట్ట తెలుసు, బొమ్మలూ వచ్చు. పని ఆమె దగ్గరికి వచ్చింది.

నేను కాలేజీ లైబ్రరీలో ఉద్యోగిని. చీనా పాత చిత్రాల పుస్తకం ఒకటి తెచ్చిచ్చాను. అందులో ఆడవాళ్లు పరికిణీ నడుముకు కాదు, చంకల కింద కడతారు. రవిక చేతులు వేళ్లు దాటి వేలాడతాయి. "గీ చేతులతోని రొట్టెలెట్ల జేస్తరయ్యా?" అని నవ్వింది. నేతపిల్ల కదా అని ఆ చేతులను తాడుతో వెనక్కి కట్టి గీసింది. ముడతలు ఎక్కడ పడతాయో చూడటానికి నా ధోతి నాకే చంకల కింద చుట్టి నడవమన్నది. నడిచాను. "నీకన్న ఆ పిల్ల నయం" అన్నది. ఇన్నేళ్లు పుస్తకాలు సర్దిన నాకు, ఒక పుస్తకాన్ని చూడటం ఆమె వల్ల వచ్చింది.

నెల రోజుల పని అయ్యాక, పుస్తకంలో బొమ్మ కింది ఇంగ్లీషు చదివి చెప్పాను. రవిక ఎడమ అంచు కుడి అంచు మీదికి రావాలి. కుడి అంచు పైకి వస్తే అది శవానికి తొడిగే తీరు. ఆమె గీసినవన్నీ కుడి అంచు పైకే ఉన్నాయి. మన ఆడవాళ్ల రవికలకు అంతే. చేతి అలవాటు.

"జంధ్యం తిప్పేసుకున్నట్టా?"

"అట్లాంటిదే."

అన్నీ మళ్లీ మొదటి నుంచి గీసింది.

పిల్ల కుడివైపు నడిచే బొమ్మలు పూర్తయినప్పుడు తమ్ముడు వచ్చాడు. ఎడమవైపు నడకకు అవే కాగితాలు తిరగేసి దిద్దితే సరిపోతుందన్నాడు.

"తిప్పితే అంచు గుడ తిరుగుతది గదరా."

"అక్కా, తెర మీద గది ఎవలు జూస్తరు?"

"తొడుక్కున్న పిల్ల జూస్తది. నువ్వు నీ అంగీ ఉల్టా ఏసుకొని బొంబాయి పో, జూద్దం."

లోపలి కుట్టు ఎవరు చూస్తారని అడిగేవాళ్లకు కూడా ఆమె అదే చెప్పేది. తొడుక్కున్నోళ్లకు తెలుస్తది.

ఎడమ నడకకు ఇరవై నాలుగు బొమ్మలు కావాలి. ఆరు గీసి మంచం పట్టింది. బొంబాయి వాళ్లు తొందరపెట్టారు. ఆమె దవాఖానాలో ఉండగా తమ్ముడు ఇంటికి వచ్చి, "తిప్పుకుంట బావా, అక్కకు చెప్పకు" అన్నాడు. సరేనన్నాను. మిగిలిన పద్దెనిమిదీ మా బల్ల మీదే తిరగేసి దిద్దాడు.

నేను అయ్యిందన్నది అబద్ధం కాదు. నడక అయ్యింది. ఆమె అడిగింది అది కాదు.

కర్మలు అయ్యేదాకా ఆగి, ఈ రోజు మధ్యాహ్నం అతను బొంబాయికి మన్మాడ్ బండి ఎక్కటానికి కాగితాలు సర్దుకుంటుంటే ఆపాను. ఆ పద్దెనిమిదింటి అంచులు మార్చాలన్నాను.

"ఆళ్లు ఆగరు బావా."

"మూడు దినాలు ఆగమను."

"నీకు బొమ్మలస్తయా?"

"రావు."

అతను కాగితాల కట్ట మళ్లీ బల్ల మీద పెట్టి, తన సంచి మేకుకు తగిలించాడు.

నాకు ముఖం రాదు, చేతులు రావు. అంచు అంటే రెండు గీతలు. మెడ దగ్గర మొదలై చంక కిందికి పోతాయి. రేపు పొద్దున స్నానం చేసి, పెన్సిల్ చెక్కుకొని, మొదటి కాగితం మీద కుడి అంచు చెరుపుతాను.